వేరికోసిల్ ఆపరేషన్, పొగతోట, నెల్లూరు: ఆరు నెలలు ఆగి రాస్తున్న రివ్యూ

ఆపరేషన్ అయిన మూడో రోజే ఐదు స్టార్లు కొట్టేసి డాక్టర్ దేవుడు అని రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తాది. బీజాల (వృషణాల) సంచిలో ఉబ్బిన రక్తనాళాల్ని, అంటే నరాల్ని, కట్టేసే ఈ ఆపరేషన్‌లో ఏదన్నా తేడా జరిగుంటే అది మూడో రోజున తెలియదు సామీ. నీరు పట్టేదైనా, నరాలు మళ్ళీ ఉబ్బేదైనా, బీజం సన్నబడేదైనా నెలల మీద బయటపడతాయి. అందుకే ఆరు నెలలు ఆగి, రెండు సార్లు టెస్టులు చేయించుకుని, ఇంకోసారి స్కాన్ కూడా తీయించుకుని అప్పుడు రాస్తన్నా. కొంచెం పొడుగే ఉంటాది, ఓపికున్నోళ్ళు చదవండి.

హాస్పిటల్ పేరు రాయను, పొగతోటలో ఉంది అంతవరకే. పొగతోట తెలిసినోళ్ళకి చెప్పక్కర్లా, సందులో నిలబడి రాయి ఇసిరితే డాక్టర్ బోర్డుకన్నా తగులుతాది, మందుల షాపు షట్టర్‌కన్నా తగులుతాది. పేరు రాస్తే పొగిడిన చోట డబ్బులు తీసుకున్నావంటారు, తిట్టిన చోట వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వస్తాది, నాకేమో ఇంకా చెకప్‌లు మిగిలుండాయి.

నా సంగతి. 32 ఏళ్ళు, అల్లూరు పక్కన రొయ్యల గుంటలకి మేత సప్లై చేసే షాపు. బస్తా 25 కేజీలు, లోడ్ దిగిన రోజు కూలోళ్ళు తక్కువైతే నేనూ ఎత్తుతా. రెండేళ్ళ నుంచి ఎడమ పక్క సంచిలో సాయంత్రానికి బరువుగా లాగినట్టు ఉండేది, పొద్దున్నే ఏమీ ఉండదు, పడుకుంటే తగ్గిపోద్ది, గట్టు మీద నాలుగు గంటలు నిలబడితే మళ్ళీ మొదలు. స్నానం చేసేటప్పుడు చేతికి మెత్తగా ముద్దలా తగిలేది, గాలానికి గుచ్చే ఎర్రల్ని కవర్లో వేసి పట్టుకుంటే ఎట్టుంటాదో అట్టా. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. ఈ రెండిటికీ సంబంధం ఉండొచ్చని నాకు తట్టనే లేదు, ఎవురికి చెప్పుకోవాల ఇది.

మా అమ్మకి చెప్తే "బుడ్డ వచ్చిందేమోరా అబ్బయా, దోమ కుట్టుంటాది" అనింది. మన పక్క అక్కడ ఏం వాచినా బుడ్డే. వరిబీజం వేరు, ఇది వేరు. వరిబీజం అంటే బీజం చుట్టూ నీరు చేరేది, మన పక్క బోదకాలు జబ్బుతో అది ఎక్కువ వస్తాది. వేరికోసిల్ అంటే బీజం నుంచి రక్తం పైకి తీసుకుపోయే నరాల్లో వాల్వులు లూజై రక్తం కిందకి జారి నరాలు ఉబ్బడం. కొందరికి కాళ్ళ మీద నీలంగా మెలికలు తిరిగిన నరాలు ఉంటాయి చూడండి, అదే జబ్బు సంచిలో వచ్చిందనుకోండి. నూటికి 15 మంది మగాళ్ళకి ఉంటాదంట, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియదు, ఏ ఇబ్బందీ లేకపోతే ఏమీ చేయించుకోనక్కర్లా. ఎడమ పక్కే ఎక్కువ ఎందుకంటే ఆ పక్క నరం పొడుగు, పోయి ఎడమ కిడ్నీ నరంలో అడ్డంగా కలుస్తాది, కుడి పక్కదేమో నేరుగా పెద్ద నరంలో ఏటవాలుగా కలుస్తాది. కాలవ నీళ్ళు మెయిన్ కాలవలోకి అడ్డంగా కలిసే చోట వెనక్కి తన్నడం గుంటలోళ్ళం మాకు తెలిసిందే, డాక్టర్ బొమ్మ గీయగానే అర్థమైపోయింది.

ఈ హాస్పిటల్ కంటే ముందు వేరే చోటికి పోయినా, ఆ ఊరూ చెప్పను. అక్కడ డాక్టర్ చేత్తో చూడనే లేదు. పడుకోబెట్టి స్కాన్ తీశారు, రిపోర్ట్ చూసి రెండు పక్కలా ఉంది, రెండు పక్కలా చేసేద్దాం, లేజర్, కుట్లుండవు, రేపు పొద్దున ఏమీ తినకుండా వచ్చేయ్ అన్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలా. వీర్యం టెస్ట్ ఒకసారి చేశారు, ఎన్ని రోజులు ఆగి ఇచ్చావని ఎవ్వరూ అడగలా, నేను అప్పటికి పన్నెండు రోజులు ఆగున్నా. ఆ తర్వాత తెలిసింది 2 రోజుల నుంచి 7 రోజుల లోపే ఆగి ఇవ్వాలని, ఎక్కువ ఆగితే కదలిక తక్కువగా చూపిస్తాదని.

అడ్వాన్స్ కట్టేసేవాడినే, మా పెదనాయన కొడుకు అన్న ఆపాడు. అన్న వాళ్ళు ఒంగోలు పక్క, చీమకుర్తిలో గ్రానైట్ లారీలు తిప్పుతాడు. ఎనిమిదేళ్ళ కింద అన్నకి ఇదే ఆపరేషన్ అయిందని నాకు ఆ రోజు దాకా తెలియదు, ఇంట్లో హెర్నియా అని చెప్పుకున్నారంట. అయిన ఏడో నెలలో సంచిలో నీరు చేరి కోడిగుడ్డంత అయింది, అంటే నిజంగానే వరిబీజం, దానికి మళ్ళీ రెండో ఆపరేషన్. "వాళ్ళు మామూలు కళ్ళతో చూసి కట్టేశారురా తమ్ముడూ, నాకప్పుడు అడగడం తెలియలా. నువ్వు ఒక్కటే అడుగు, మైక్రోస్కోప్ పెట్టి చేస్తారా లేదా, మిగతాది తర్వాత" అన్నాడు. అన్న నోటి నుంచి ఇంత పొడుగు మాట నేను వినలేదు ఎప్పుడూ, మనిషి సిగ్గుపడతా లారీ టైరు వైపు చూస్తా చెప్పాడు.

అట్టా పొగతోట వచ్చినా. ఇక్కడ మొదటి మైనస్ ఇప్పుడే చెప్పేస్తా, వెయిటింగ్. టోకెన్ 14, పదకొండుకి రమ్మంటే పోయినా, లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం రెండున్నర. పైగా రిసెప్షన్ అమ్మాయి హాలంతా వినపడేట్టు "వేరికోసిల్ ఎవరండీ" అని అరిచింది. టోకెన్ నంబర్ పెట్టుకుని నంబర్‌తో పిలవడానికేమమ్మా. నా పక్కన కూర్చున్న పెద్దాయన నాకేసి జాలిగా చూసి అరిటిపండు ఇచ్చాడు.

లోపల మాత్రం డాక్టర్ పని వేరే. ముందు ఏసీ ఆపేశాడు. చలికి సంచి ముడుచుకుపోతే నరాలు చేతికి తగలవంట, గది కాస్త వెచ్చబడేదాకా మాటలు పెట్టి, అప్పుడు నిలబెట్టి చూశాడు, ఊపిరి బిగబట్టి ముక్కమన్నాడు, మళ్ళీ పడుకోబెట్టి చూశాడు. పడుకోగానే ఎడమ పక్క తగ్గిపోయింది, అది మంచి గుర్తు అన్నాడు. పడుకున్నా తగ్గకపోయినా, ఒక్క కుడి పక్కే వచ్చినా, పెద్ద వయసులో ఉన్నట్టుండి వచ్చినా కడుపు, కిడ్నీ స్కాన్ చేసి చూడాల్సిందే, లోపల గడ్డ ఏదన్నా నరాన్ని నొక్కతా ఉండొచ్చని చెప్పాడు. ఆ తర్వాత సొరుగులోంచి పూసల దండ ఒకటి తీశాడు, చిన్న పూస నుంచి పెద్ద పూస దాకా పన్నెండు, ఒక్కోదాని మీద నంబర్. ఒక చేత్తో నా బీజం, ఇంకో చేత్తో పూస పట్టుకుని పోల్చి చూసి, పూసల మధ్య అంచనా వేసి కుడి 18, ఎడమ 14 మిల్లీలీటర్లు అని రాసుకున్నాడు. నాకు నవ్వు ఆగలా, మామిడికాయలు సైజు చూసి ఏరే మా నాయన గుర్తొచ్చాడు. కానీ ఆ నంబర్లు కాయితం మీద ఉన్నాయి గనక ఆరు నెలల తర్వాత సన్నబడిందా లేదా అని పోల్చుకోవడానికి కుదిరింది. ముందు చూసిన చోట ఆ కొలత లేనే లేదు.

స్కాన్ మళ్ళీ తీయించాడు, ఈసారి నిలబెట్టి కూడా. ఎడమ నరం 3.6 మిల్లీమీటర్లు, ముక్కినప్పుడు రక్తం వెనక్కి వస్తా ఉంది. కుడి 2.3. కుడి పక్క చేతికి తగల్లేదు, అది ముట్టుకోను అన్నాడు. నేనే వాదించినా, ఎటూ కోస్తా ఉన్నారు గదా సార్ రెండూ ఒకేసారి అయిపోద్ది అని. "చేతికి తగలకుండా స్కాన్‌లో మాత్రం కనపడే దానికి ఆపరేషన్ చేస్తే పిల్లల విషయంలో లాభం ఉంటాదని గైడ్‌లైన్స్ చెప్పవు బాబూ. చెయ్యని ఆపరేషన్‌కి కాంప్లికేషన్ రాదు" అన్నాడు. రెండో పక్క వదిలేస్తే ఆయనకే బిల్లు తగ్గుద్ది, అయినా వద్దన్నాడు, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

వీర్యం టెస్ట్ రెండు సార్లు, మధ్యలో కొన్ని వారాలు తేడాతో. మొదటి దాంట్లో మిల్లీలీటరుకి 8 మిలియన్ల వీర్యకణాలు, రెండో దాంట్లో 9. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2021 లెక్కలో కింది హద్దు 16 మిలియన్లు. రక్తంలో హార్మోన్లు చూశారు, బాగానే ఉన్నాయి. మా ఆవిడకి కూడా లేడీ డాక్టర్ దగ్గర అన్నీ చేయించి రిపోర్టులు తెమ్మన్నాడు, ఆమె వైపు ఏదన్నా ఉంటే నాకొక్కడికే కోసి ఏం లాభం. వీర్యం శాంపిల్ ఇంట్లో ఇచ్చి తేవాలంటే గంట లోపల ల్యాబ్‌కి చేరాల, అల్లూరు నుంచి నాకు కుదర్దు, అక్కడే ఇచ్చినా. ఆ బాత్‌రూమ్‌కి గడి సరిగ్గా పడదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని శాంపిల్ ఇవ్వడం ఎంత కష్టమో హాస్పిటల్ ఓనర్ ఒకసారి ట్రై చేసి చూడాల. గడియ వంద రూపాయలు ఉండదు గదా.

ఇప్పుడు అసలు సంగతి. కాంప్లికేషన్లు ఎందుకు వస్తాయో డాక్టర్ మందుల చీటీ వెనక గీసి చెప్పాడు, ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది. గజ్జల దగ్గర ఒక తాడు లాంటిది ఉంటాది, చూపుడు వేలంత లావు. దాంట్లో ఉబ్బిన నరాలు ఉంటాయి, బీజానికి మంచి రక్తం తెచ్చే ధమని ఉంటాది, వీర్యం పోయే గొట్టం ఉంటాది, ఇంకా నీరు లాక్కుపోయే లింఫ్ నాళాలు ఉంటాయి. ఉబ్బిన నరాల్ని మాత్రం కట్టెయ్యాల, మిగిలిన మూడూ వదిలెయ్యాల. ఆపరేషనంతా ఇదే. తంటా ఏందంటే ధమని మందం మిల్లీమీటరు అటూ ఇటూ, లింఫ్ నాళాలేమో నీళ్ళ రంగులో ఉంటాయి, మామూలు కంటికి ఆనవు. కనపడక నరాలతో పాటు కట్టేస్తే ఆ నీరు పోయే దారి లేక బీజం చుట్టూ చేరుద్ది, మా అన్నకి అయింది అదే. ధమని కట్టేస్తే బీజానికి రక్తం తగ్గి సన్నబడిపోవచ్చు, ఎప్పుడూ అట్టా అవుతాదని కాదు, ఇంకో రెండు చిన్న దారుల్లో కూడా రక్తం వస్తాది గనక చాలామందికి గండం తప్పుద్ది, కానీ పందెం ఎందుకు. సన్న నరం ఒకటి చూడకుండా వదిలేస్తే అది కొన్నాళ్ళకి లావై జబ్బు మళ్ళీ మొదటికొస్తాది. మా భాషలో చెప్పాలంటే గట్టుకి గండి పడ్డ చోట పూడ్చి పక్కన ఎండ్రకాయ బొక్క వదిలేసినట్టు.

మైక్రోస్కోప్ పెట్టి చేస్తే నీరు పట్టేది నూటికి ఒకటి కంటే తక్కువ, మళ్ళీ రావడం ఒకటి రెండు. పాత పద్ధతిలో ఓపెన్‌గా చేస్తే నీరు పట్టేది ఏడు దాకా, మళ్ళీ రావడం 15 దాకా కూడా లెక్కలు ఉన్నాయన్నాడు. ఇంటికొచ్చి నేనూ చదివినా, కొంచెం అటూ ఇటూ అదే ఉంది. ల్యాపరోస్కోపీ కూడా ఉంది, పొట్టలోంచి పైన కట్టేస్తారు, రెండు పక్కలా చేయాల్సి వస్తే సులువు, కానీ ఫుల్ మత్తు కావాల, లింఫ్ నాళాలు వదలకపోతే నీరు పట్టే బాధ దాంట్లోనూ ఉంటాది. ఇంకోటి కోతే లేకుండా మెడ దగ్గరో తొడ దగ్గరో నరంలోంచి సన్న ట్యూబు పంపి లోపల కాయిల్ (సన్న తీగచుట్ట) పెట్టి మూసేసేది, ఎంబోలైజేషన్. దాంట్లో నీరు పట్టే బాధ దాదాపు లేదంట, త్వరగా ఇంటికి పోవచ్చు, కాకపోతే కొందరికి ట్యూబు ఆ నరంలోకి ఎక్కదు, అరుదుగా కాయిల్ జరగొచ్చు. కావాలంటే చెన్నై రాసిస్తానన్నాడు, తన దగ్గరే చేయించుకోమని పట్టుబట్టలా. లేజర్ సంగతి అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు, కాళ్ళ నరాలకి లేజర్ ఉంది, పైల్స్‌కి చేస్తారు, దీనికి అది స్టాండర్డ్ పద్ధతి కాదు, బోర్డు మీద ఉంటే బోర్డునే అడుగు అని.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ఎవురూ చెప్పరు. మైక్రోస్కోప్ ఉందా అని ఫోన్ చేసి అడిగితే చాలా చోట్ల ఉంది ఉంది అంటారు. పోయి చూస్తే కళ్ళజోడుకి బిగించే లెన్స్, లూప్ అంటారు దాన్ని, రెండున్నర మూడు రెట్లు పెద్దగా చూపిస్తాది. ఆపరేటింగ్ మైక్రోస్కోప్ అంటే నిలువెత్తు స్టాండు, పది నుంచి పాతిక రెట్లు. కంటి హాస్పిటల్లో చూసుంటారు. నేను మొహమాటం లేకుండా అడిగినా, సార్ ఆ మిషన్ ఒకసారి చూపిస్తారా అని. నర్సు మొహం మాడ్చుకుంది గానీ డాక్టర్ నవ్వి పోయి చూడు అన్నాడు. అద్దంలోంచి చూసినా, పక్కన కవర్ కప్పి ఉంది. మిషన్ ఉంటే చాలదు, దాని మీద చెయ్యి తిరిగుండాల గదా, అందుకే మీరే చేస్తారా వేరే వాళ్ళు వస్తారా, ఇప్పటిదాకా ఎన్ని చేశారు, మీ దగ్గర చేయించుకున్నోళ్ళలో ఎంతమందికి నీరు పట్టింది అని కూడా అడిగినా. ఒకరిద్దరికి పట్టింది, ఒకతనికి సూది పెట్టి తీశాం అని ఒప్పుకున్నాడు. ఎవ్వరికీ ఏమీ కాలేదు అని చెప్పుంటే లేచొచ్చేసేవాడిని.

గ్యారంటీ ఇవ్వలా. ఆపరేషన్ తర్వాత వీర్యం బాగయ్యేది నూటికి అరవై డెబ్బై మందికి, పిల్లలు పుట్టడం దాని మీదొక్కటే ఆధారపడదు, నొప్పి మాత్రం చాలామందికి తగ్గుద్ది కానీ కొందరికి తగ్గదు, అని మా ఆవిడ ముందరే చెప్పాడు. కొత్త వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది గనక మూడు నెలల లోపల టెస్ట్ చేయించి ఏడవొద్దు అన్నాడు.

ఆపరేషన్ కార్తీకం వెళ్ళాక పెట్టుకున్నాం, మా అమ్మ మాట. ముందు రోజు నేను చేసిన ఎదవ పని ఒకటుంది. ఎటూ గీస్తారు గదా అని ఇంట్లోనే బ్లేడుతో నున్నగా గీసుకుని, రెండు చోట్ల తెంపుకుని, నీట్‌గా తయారై పోయినా. నర్సమ్మ చూసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, "ఎవరు చెప్పారయ్యా నీకు, ఆ గాట్లలోంచే చీము పట్టేది, మా దగ్గర ట్రిమ్మర్ ఉంది గదా." డాక్టర్ వచ్చి గాట్లు చూసి, ఆపరేషన్ చోటికి దూరంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకుంటే వాయిదా వేసేవాణ్ణి అన్నాడు. మీరు గీసుకోకండి. అట్టానే నేను యూట్యూబ్‌లో చూసి నరాలకి మంచిదని ఏదో పొడి తింటా ఉండేవాణ్ణి, అది పది రోజుల ముందే ఆపించాడు, అట్టాంటి వాటిల్లో రక్తం పల్చన చేసేవి ఉండొచ్చంట. గుండెకి ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్ళు చెప్పి తీరాల, అంతేగానీ సొంతంగా ఆపేయకూడదు, అది గుండె డాక్టర్ని అడిగి తేల్చాల్సిన పని. సిగరెట్ కూడా మానమన్నాడు, మానినా, మళ్ళీ మొదలెట్టినా, మళ్ళీ మానినా.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుం కింద ఏమీ తెలియదు గానీ చెవులు పనిచేస్తా ఉంటాయి. గజ్జల దగ్గర రెండు వేళ్ళ వెడల్పు కోత అంతే, దాని మీదకి ఆ మైక్రోస్కోప్ తల వంచింది. మధ్యలో పెన్ను లాంటిది ఒకటి పెట్టారు, చిన్న డాప్లర్, అది ధమని మీద పడితే శబ్దం చేస్తాది. షూ... షూ... షూ... అని. రాత్రిపూట గట్టు మీద పడుకుంటే అవతలి గుంటలో ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే మిషన్) తిరిగే శబ్దం గాలికి వచ్చీ రానట్టు వస్తాది చూడండి, అచ్చం అట్టా. "ఇదీ ధమని, దీన్ని పక్కన పెట్టు" అని డాక్టర్ అసిస్టెంటుకి చెప్తా ఉన్నాడు. కట్టడం అయ్యాక మళ్ళీ పెట్టి వినిపించాడు, "విన్నావా, బీజానికి రక్తం పోతానే ఉంది." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మత్తు వల్లనే అనుకోండి. గంటంబావు పట్టింది. తొందరగా అరగంటలో ఊడ్చేసేదైతే ఆ శబ్దం ఎప్పుడు వింటారు.

సాయంత్రం మాత్రం పాట్లు పడినా. వెన్ను మత్తు తర్వాత కొందరికి ఒంటేలు రాదు. ఏడైంది, రాలా. పొట్ట డోలు. నర్సమ్మ బాత్‌రూమ్‌లో కుళాయి సన్నగా తిప్పి వదిలేసి, ఆ ధార వింటా నిలబడు, ఇంకో గంటలో రాకపోతే ట్యూబు వేస్తా అనింది. ట్యూబు మాట వినగానే వచ్చేసింది.

ఇంటికొచ్చాక మొదటి రెండు రోజులు ఐస్ పెట్టాల. ఐస్‌కి మాకేం కరువు, మా బామ్మర్ది రొయ్యల ప్యాకింగ్ బాక్సుడు ఐస్ మోసుకొచ్చి "సరిపోద్దా బావా, ఇంకో బాక్సు తేనా" అంటాడు, నేనేమన్నా టన్ను వనామీ రొయ్యలనా. ఐస్ ఎప్పుడూ చర్మం మీద నేరుగా పెట్టకూడదు, టవల్లో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టి తీసెయ్యాల, మళ్ళీ కాసేపాగి. సంచి కిందకి వేలాడకుండా బిగుతు సపోర్ట్ వేసుకోమన్నారు, మందుల షాపులో దొరికేది నాకు ఒరుసుకునింది, మా నాయన లంగోటా కట్టడం నేర్పించాడు, దానికి మించింది లేదు. ముక్కకుండా ఉండటానికి విరోచనం సాఫీగా అయ్యే సిరప్ ఇచ్చారు, దాన్ని మానొద్దు, నేను ఒక రోజు మానేసి అనుభవించినా.

నాలుగో రోజు సంచి కింద నల్లగా నీలంగా కమిలింది, చూసి మా అమ్మ దిష్టి తీసేసింది. ఆదివారం. డిశ్చార్జి కార్డు మీద ఉన్న నంబర్‌కి చేస్తే ఎత్తారు, ఫోటో పంపమన్నారు, పదిహేను నిమిషాల్లో డాక్టరే చేశాడు. కమిలితే పర్లేదు, వారంలో పసుపు తిరిగి పోద్ది, కానీ గంట గంటకీ సైజు పెరిగి రాయిలా గట్టిపడినా, జ్వరం 101 దాటినా, కుట్ల దగ్గర చీము కారినా, నొప్పి మాత్రకి లొంగకపోయినా ఫోన్ చెయ్యకు, నేరుగా బండెక్కి వచ్చెయ్ అన్నాడు. ఆదివారం ఫోన్ ఎత్తినందుకు నా రివ్యూలో ఒక స్టార్ మొత్తం దానికే.

బైకు రెండు వారాలు వద్దన్నారు, భార్యాభర్తల కలయిక కూడా అంతే. బస్తాలు నెల రోజులు. నేను షాపులో కుర్చీ వేసుకుని కూర్చుంటే కూలోళ్ళు "ఏందినా కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నావ్" అని ఎగతాళి. ఇరవయ్యో రోజు లోడ్ వచ్చినప్పుడు ఒక్క బస్తా ఎత్తబోయినా, మా ఆవిడ యాడ్నుంచి చూసిందో చూసింది, ఆ రోజు నాకు అన్నం లేదు. తొడ లోపల పక్క కొంచెం మొద్దుబారినట్టు రెండు నెలలు ఉండింది, అక్కడ పోయే సన్న స్పర్శ నరం వల్లంట, ఇప్పుడు లేదు.

బిల్లు మందులతో కలిపి 62 వేలు అయింది. ముందు చూసిన చోట రెండు పక్కలకి 45 వేలు చెప్పారు. కాయితం మీద ఇదే ఎక్కువ, మా అన్న రెండో ఆపరేషన్‌తో కలుపుకుంటే కాదు. ఒక్క గొడవేందంటే మైక్రోస్కోప్ చార్జి అని 6 వేలు ముందు చెప్పకుండా చివర్లో కలిపారు. అడిగితే ప్యాకేజీలో లేదు సార్ అంట. మైక్రోస్కోప్ కోసమే గదా నేనొచ్చింది, అది ప్యాకేజీలో లేకపోతే ఇంకేం ప్యాకేజీ. రాయించుకోండి ముందే.

మూడో నెల టెస్ట్‌లో 14 మిలియన్లు, ఆరో నెలలో 21, కదలిక కూడా పెరిగింది. స్కాన్‌లో నీరు లేదు, రక్తం వెనక్కి రావడం లేదు. పూసల దండ మళ్ళీ బయటకి తీశాడు, ఎడమ 15. నొప్పి నూటికి తొంభై పోయింది, మిగతా పది లోడ్ ఎక్కువైన రోజు పలకరిస్తాది. శుభవార్త ఇంకా లేదు, మా అత్తగారు కందుకూరు నుంచి రోజూ ఫోన్ చేసి వేరే వేరే మాటలు మాట్లాడి పెట్టేస్తా ఉంది, అడగలేక. ఇంకో ఆరు నెలలు చూద్దామన్నాడు డాక్టర్.

నాలుగు స్టార్లు ఇస్తన్నా. ఐదోది వెయిటింగ్‌కి కాదు, గడి లేని బాత్‌రూమ్‌కి కూడా కాదు. ఆపరేషన్ వార్డు మూడో ఫ్లోర్. డిశ్చార్జి రోజు పొద్దున లిఫ్ట్ పాడైందని దాని మీద కాయితం అంటించారు, సాయంత్రానికి బాగవుతుంది అన్నారు, సాయంత్రానికి కాలా. బరువు ఎత్తొద్దు, మెట్లు మెల్లగా, ముక్కొద్దు అని రాసిన కాయితం చేతిలో పెట్టి మెట్లు చూపిస్తే ఎట్టా దిగాల. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా బామ్మర్ది ఒక పక్క, వార్డు బాయ్ ఇంకో పక్క పట్టుకుని దింపారు, రెండో ఫ్లోర్ మలుపులో కుర్చీ కాలు ఒకటి వంగింది, నేను లంగోటా పట్టుకుని వెంకయ్య సామికి మొక్కుకున్నా. పోయిన వారం చెకప్‌కి పోతే లిఫ్ట్ మీద అదే కాయితం, అదే సెల్లో టేపు.